ట్రక్కు తొట్టికి తగిన వెల్డింగు యంత్రము

విజయవాడలో బెంజి సర్కిలు దాటి బందరు రోడ్డు వెంట పోయినచో పటమట వచ్చును. దాని చెంతనే జవహర్ ఆటోనగర్ ఉన్నది. లారీలకు బాడీలు కట్టువారు, ఇరుసులు సరిచేయువారు, కమాను పట్టీలు మార్చువారు, లేతు పనివారు అందరును ఒకే చోట కనబడు ప్రదేశ మిది. పగలంతయు ఏదో ఒక షెడ్డులో నీలి వెలుగు మెరయుచునే యుండును. అది వెల్డింగు వెలుగు.

ట్రాక్టరు వెనుక కట్టు ట్రెయిలరును డెల్టా రైతులు ట్రక్కు అందురు. ధాన్యము, చెరకు, ఇటుక, ఇసుక అన్నియు దానిమీదనే కదలుచుండును. ట్రక్కును విడదీసి చూచినచో అందున్నవి కొన్ని ఇనుప పలకలు, చానెళ్లు, ఇరుసు, చక్రములు మాత్రమే. వీనిలో పెక్కింటిని ఒకటిగా పట్టి యుంచునది అతుకు. ట్రాక్టరు కొక్కెమునకు తగిలించు ముందు భాగమున అతుకు విడిపోయినచో, టన్నుల కొలది బరువుతో నిండిన తొట్టి రోడ్డుమీద దానంతట అది దొర్లిపోవును. కాలువ గట్టుమీది దారిలో ఇది జరిగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. నాట్లకు, కోతలకు కూలీలు ట్రక్కు ఎక్కి పోవుట నిబంధనలకు విరుద్ధమైనను, పల్లెలలో అది నేటికిని జరుగుచునే యున్నది. కావున ట్రక్కు అతుకు ప్రాణములతో ముడిపడిన విషయము.

ఇట్టి పనికి యంత్రము కొనువారు సాధారణముగా రెండే ప్రశ్నలు అడుగుదురు: ఎన్ని ఆంపియర్లు? ధర యెంత? ఈ రెండును చాలవు. ఒకే అంకె వ్రాసియున్న రెండు యంత్రములలో ఒకటి దినమంతయు పనిచేయవచ్చును. రెండవది మాటిమాటికి ఆగిపోవచ్చును. దీనికి కారణము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనే ఉన్నది.

విద్యుత్ చాపము

రెండు వాహకములను తాకించి కొద్దిగా ఎడము చేసినచో, వాని నడుమనున్న వాయువు అయనీకరణము చెంది విద్యుత్తును ప్రసరింపజేయును. ఇదే విద్యుత్ చాపము. దీనిని 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ ప్రదర్శించెను. 1881లో రష్యా దేశీయుడగు బెనార్డోస్ కార్బను కడ్డీతో చాపము కల్పించి లోహములను అతికెను. 1888లో స్లావ్యనోవ్ కార్బనుకు బదులు లోహపు కడ్డీనే వాడెను. అందుచేత కడ్డీయే కరిగి అతుకులో నిండసాగెను. 20వ శతాబ్ది తొలి దశకమున స్వీడన్‌లో ఆస్కార్ షెల్బెర్గ్ ఆ కడ్డీకి ఖనిజముల పూత పూసెను.

నేడు పనివారు రాడ్డు అని పిలుచునది ఈ పూత పూసిన కడ్డీయే. చాపపు వేడికి పూత కాలి వాయువును విడుచును. ఆ వాయువు కరిగిన ఇనుమును గాలిలోని ఆక్సిజను, నైట్రోజనుల నుండి కాపాడును. మిగిలినది చిట్టెముగా మారి అతుకుపై దుప్పటివలె కప్పును. చల్లారిన పిదప దానిని సుత్తితో కొట్టి రాల్చుదురు.

చాపపు ఉష్ణోగ్రత సుమారు 6000 సెంటిగ్రేడు డిగ్రీలు. మెత్తని ఉక్కు సుమారు 1500 డిగ్రీల వద్ద కరగును. అయితే ఉష్ణోగ్రత చాలినంత మాత్రమున ఉష్ణరాశి చాలినట్లు కాదు. అగ్గిపుల్ల మంట ఎంత వేడిగా నున్నను దానితో కడివెడు నీరు కాగదు. దళసరి పలక తనలోనికి వేడిని వేగముగా లాగుకొనును. కడ్డీ కరిగి పలకమీద పడినను, పలక అంచు కరగకపోవచ్చును. అప్పుడు పైకి చక్కని అతుకు కనబడును. లోపల రెండు లోహములును కలియవు. దీనిని చల్లని అతుకు అనవచ్చును. ట్రక్కు పనిలో భయపడవలసినది ముఖ్యముగా దీనికే.

మందమునుబట్టి కడ్డీ, కడ్డీనిబట్టి ఆంపియర్లు

ట్రక్కులో అన్ని భాగములును ఒకే మందము గలవి కావు. తొట్టి పక్కల రేకులు 2 లేక 3 మిల్లీమీటర్లు ఉండును. అడుగు చట్రమునకు వాడు 100 మిల్లీమీటర్ల చానెలులో నిలువు పలక సుమారు 5 మిల్లీమీటర్లు, పై క్రింది రెక్కలు సుమారు 7.5 మిల్లీమీటర్లు. కొక్కెము తగిలించు చోట, ఇరుసు పట్టుకొను చోట 10 మిల్లీమీటర్లును, అంతకు మించియు పలకలు వాడుదురు.

పలుచని రేకుకు 2.5 మిల్లీమీటర్ల కడ్డీ చాలును. దానికి 60 నుండి 100 ఆంపియర్ల వరకు కావలెను. చట్రమునకు 3.15 మిల్లీమీటర్ల కడ్డీ వాడుదురు; దానికి 90 నుండి 140 ఆంపియర్లు. దళసరి పలకలకు 4 మిల్లీమీటర్ల కడ్డీకి 140 నుండి 190 ఆంపియర్లు. కడ్డీ వ్యాసములో ప్రతి మిల్లీమీటరుకు సుమారు 40 ఆంపియర్లు అని జ్ఞాపకముంచుకొన్నచో ఈ అంకెలు మరపునకు రావు.

ఈ లెక్కనుబట్టి ట్రక్కు పనికి 400 ఆంపియర్ల యంత్రము అక్కరలేదు. 100 ఆంపియర్ల యంత్రము చాలదు. కావలసినది 130 ఆంపియర్లను తేలికగాను, అవసరమైనప్పుడు 170 వరకును ఇయ్యగల యంత్రము. "తేలికగా" అను మాటలోనే అసలు చిక్కు ఉన్నది.

పని వాటా

యంత్రములోని రాగి లేక అల్యూమినియము చుట్లలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమునకు అనులోమానుపాతములో ఉండునని జౌల్ నియమము చెప్పును. ఆంపియర్లు రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. ఈ వేడి బయటకు పోవుటకు వ్యవధి కావలెను. అందుచేత యంత్ర నిర్మాతలు 10 నిమిషముల కాలమును కొలతగా తీసికొని, అందులో ఎన్ని నిమిషములు చాపము వెలిగింపవచ్చునో శాతములలో పేరు పలకపై వ్రాయుదురు. దీనిని పని వాటా అందము. 60 శాతము అనగా 6 నిమిషములు పని, 4 నిమిషములు విశ్రాంతి.

రెండు యంత్రములు ఉన్నవనుకొందము. రెంటిమీదను 200 ఆంపియర్లు అనియే ఉన్నది. మొదటి దాని పని వాటా 60 శాతము, రెండవ దానిది 20 శాతము. 130 ఆంపియర్లతో పనిచేసినచో వీని వాటా యెంత? వేడి వర్గమునుబట్టి తగ్గును గనుక, 200ను 130చే భాగించి, వర్గము చేసి, పాత వాటాను దానిచే గుణింపవలెను. ఆ వర్గము సుమారు 2.37. మొదటి యంత్రమునకు 60ని 2.37చే గుణించినచో 142 వచ్చును. అది నూటికి మించినది గనుక, ఆ యంత్రము 130 ఆంపియర్లవద్ద ఎడతెగక పనిచేయగలదు. రెండవదానికి వచ్చునది 47 శాతమే. 170 ఆంపియర్ల వద్ద మొదటిది 83 శాతము, రెండవది 28 శాతము మాత్రమే పనిచేయగలవు.

ఈ సూత్రము చుట్ల వేడికి సరిపోవు ఉజ్జాయింపు మాత్రమే. అర్ధవాహక సాధనములు గల యంత్రములలో ఆ సాధనములు చుట్లకంటె త్వరగా వేడెక్కును గనుక, నిర్మాత ఇచ్చిన పట్టికనే నమ్మవలెను. అయినను రెండు యంత్రములను పోల్చుటకు ఈ లెక్క చాలును.

47 శాతము తక్కువయా? అది పనినిబట్టి యుండును. 3.15 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి, ఒకటి ఒకటిన్నర నిమిషములలో కాలిపోవును. తరువాత చిట్టెము కొట్టవలెను, బ్రష్షుతో తుడువవలెను, కొత్త కడ్డీ తగిలింపవలెను. చిన్న మరమ్మతులు చేయువానికి చాపము వెలుగు కాలము సగమునకు తక్కువగనే ఉండును. వానికి రెండవ యంత్రము చాలును. పొద్దుటినుండి సాయంత్రమువరకు చట్రములు కట్టు షెడ్డుకు అది చాలదు.

ఇంకొక విషయము. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి పని వాటాను 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతవద్ద చెప్పవలెను. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. రేకుల షెడ్డు క్రింద ఇంకను ఎక్కువ. పలకమీద ఉష్ణోగ్రత వ్రాయని యంత్రమునుగూర్చి దుకాణదారును అడుగుట మంచిది. 20 లేక 25 డిగ్రీలవద్ద కొలిచిన వాటా వేసవిలో నిలువదు.

ట్రాన్స్‌ఫార్మరు, ఇన్వర్టరు

చాపమునకు కావలసినది తక్కువ ఓల్టేజి, ఎక్కువ ప్రవాహము. 130 ఆంపియర్లవద్ద చాపము నిలుచుటకు సుమారు 25 ఓల్టులు చాలును. అయితే చాపము అంటుకొనుటకు మొదట 50 నుండి 80 ఓల్టుల వరకు ఉండవలెను. పైగా పనివాని చేయి కొంచెము కదలుచునే యుండును. చాపము పొడవు మారినప్పుడెల్ల ఆంపియర్లు విపరీతముగా మారరాదు. అందుచేత కడ్డీతో పనిచేయు యంత్రమును, ఓల్టేజి చాలా మారినను ప్రవాహము కొద్దిగానే మారునట్లు నిర్మింతురు.

పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మరు యంత్రము. ఇనుప అంతర్భాగము, దాని చుట్టు చుట్లు, కొన్నింటిలో చల్లార్చుటకు నూనె. బరువు 100 కిలోలకు మించియు ఉండవచ్చును. ఇది ఏకాంతర విద్యుత్తును ఇచ్చును. చెడుటకు ఇందు సున్నితమైన భాగములు లేవు. దుమ్ముకు, తేమకు ఓర్చుకొనును. చెడినను ఊరిలోనే చుట్టు మార్చువారు దొరకుదురు. దీని లోపము సరఫరానుండి లాగు ప్రవాహములో ఉన్నది. నిష్ప్రవాహపు ఓల్టేజి 70 అయినచో, 130 ఆంపియర్లవద్ద సరఫరా మీది భారము 70ని 130చే గుణింపగా 9100 ఓల్టు ఆంపియర్లు. 230 ఓల్టుల సింగిల్ ఫేజు తీగనుండి దాదాపు 40 ఆంపియర్లు లాగవలెను. ఇంటి కనెక్షను దీనిని మోయలేదు. 415 ఓల్టులున్న రెండు ఫేజుల మధ్య కలిపినచో ఇది 22 ఆంపియర్లకు దిగును. కావున ఇట్టి యంత్రమునకు త్రీఫేజు సరఫరా ఉన్న షెడ్డే తగిన చోటు.

ఇన్వర్టరు యంత్రము 1980ల తరువాత వ్యాపించినది. ఇందు సరఫరా విద్యుత్తును మొదట ఏకముఖ విద్యుత్తుగా మార్చి, అర్ధవాహక సాధనములతో సెకనుకు వేల కొలది పర్యాయములు తిప్పి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ పంపి, తిరిగి ఏకముఖముగా మార్చుదురు. చిన్నది ఎట్లు చాలును? ఫారడే నియమము ప్రకారము ప్రేరిత ఓల్టేజి పౌనఃపున్యము, చుట్ల సంఖ్య, ఇనుము అడ్డుకోత వైశాల్యము, అయస్కాంత అభివాహ సాంద్రతల లబ్ధమునుబట్టి యుండును. 50 హెర్ట్జులకు బదులు కొన్ని పదుల వేల హెర్ట్జులు వాడినచో, ఆ మేరకు అంతర్భాగమును తగ్గింపవచ్చును. అందుచేతనే ఒక చేతితో పట్టుకొని పోదగిన యంత్రము 150 ఆంపియర్లు ఇయ్యగలుగుచున్నది. విరిగిన ట్రక్కు పొలములో నిలిచిపోయినప్పుడు యంత్రమే దానివద్దకు పోవచ్చును.

చాపములో వాడు శక్తి 25 ఓల్టులను 130 ఆంపియర్లచే గుణింపగా 3.25 కిలోవాట్టులు. నష్టములు కలిపి ఇన్వర్టరు సుమారు 4 కిలోవాట్టులు తీసికొనును. సామర్థ్య గుణకమును 0.7గా తీసికొన్నచో 230 ఓల్టులవద్ద ఇది 25 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరుతో పోల్చినచో చాలా తక్కువయే. అయినను ఇంటి ప్లగ్గునకు అదియు ఎక్కువే. 15 ఆంపియర్ల ప్లగ్గులో గ్రుచ్చి పనిచేయుట ప్రమాదకరము.

తీగ పొడవును కూడ లెక్కింపవలెను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 50 మీటర్లు లాగినచో, పోవుట వచ్చుట కలిపి 100 మీటర్లు. నిరోధము సుమారు 0.7 ఓము. 25 ఆంపియర్లవద్ద 17.5 ఓల్టులు దారిలోనే పోవును; 400 వాట్టులకు పైగా వేడియై తీగను కాల్చును. అసలే సాయంత్రము ఓల్టేజి తగ్గు పల్లెలో ఈ నష్టము చేరినచో యంత్రము నిర్ణీత ఆంపియర్లు ఇయ్యజాలదు. మీటు 130 చూపుచున్నను అతుకు చల్లనిదే అగును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో నష్టము 7.3 ఓల్టులకు తగ్గును. తీగపై పొదుపు అతుకుపై లోటుగా తేలును.

ఇన్వర్టరుకు శత్రువులు రెండు: గ్రైండింగులో ఎగురు ఇనుప రజను, తేమ. పంకా లోనికి లాగిన రజను సర్క్యూటు పలకలపై పేరుకొని దారి తప్పిన ప్రవాహమునకు తావిచ్చును. ఉదజని తక్కువగా నుండు కడ్డీలు ఏకముఖ విద్యుత్తుతో చక్కగా పనిచేయును గనుక ఆ విషయములో ఇన్వర్టరుదే పైచేయి.

తీగతో అతికెడు యంత్రము

కొత్త ట్రక్కులను వరుసగా కట్టు షెడ్లకు ఇంకొక మార్గము కలదు. కడ్డీకి బదులు చుట్టనుండి సన్నని తీగ ఎడతెగక వచ్చును. సిలిండరునుండి కార్బన్ డై ఆక్సైడు వచ్చి కరిగిన లోహమును కాపాడును. పనివారు దీనిని మిగ్ లేక సీఓటూ వెల్డింగు అందురు. కడ్డీ మార్చనక్కరలేదు, చిట్టెము దాదాపు ఉండదు, పని వేగము పెరుగును. అయితే గాలి వీచినచో రక్షణ వాయువు చెదరి అతుకులో బుడగలు ఏర్పడును. ఆరుబయట మరమ్మతునకు ఇది తగదు. మరియు చిన్న మిగ్ యంత్రముతో దళసరి పలకలను అతికినచో, పైకి నున్నగా కనబడు చల్లని అతుకు అతి సులభముగా వచ్చును. కావున చట్రములు కట్టువారు 250 ఆంపియర్లకు తక్కువకాని త్రీఫేజు యంత్రము చూచుకొనవలెను.

అతుకు ఎంత బలము మోయును?

యంత్రము చాలకపోయినచో నష్టమెంతయో ఒక లెక్కతో తెలియును. మూలలో వేయు అతుకు అడ్డుకోత త్రిభుజాకారముగా నుండును. దాని భుజము 6 మిల్లీమీటర్లయినచో, తెగుటకు అనువైన సన్నని తలము భుజములో 0.7 వంతు, అనగా 4.2 మిల్లీమీటర్లు. పొడవు 100 మిల్లీమీటర్లయినచో వైశాల్యము 420 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 108 న్యూటన్లు అనుమతించినచో అతుకు సుమారు 45,000 న్యూటన్లు, అనగా దాదాపు 4.6 టన్నుల బలము మోయగలదు. వేడి చాలక సగము మందమే కలిసినచో ఆ బలము సగమగును.

ఇది నిలకడగానున్న బలమునకు లెక్క. గతుకులలో ట్రక్కు ముందుకు వెనుకకు కుదుపబడుచు, బలము వేలమార్లు మారుచుండును. అట్టి మార్పులలో లోహము అలసి, తన శక్తికి చాలా తక్కువైన బలమునకే పగులును. ఆ పగులు అతుకు అంచున, కాలిపోయి పల్లమైన చోట, లేక కలియని చోట మొదలగును. అతుకుద్వారా పగులు ఒక పలకనుండి ఇంకొక పలకకు పాకగలదు. 1943 జనవరిలో అమెరికాలో షెనెక్టడీ అను వెల్డింగు చేసిన కొత్త నౌక, రేవులో నిలిచియుండగనే నడిమికి చీలినది. ఆ నౌక విషయములో ఉక్కు స్వభావము, చలి కూడ కారణములే. అయినను పగులునకు అతుకు అడ్డుగోడ కాదని లోకమునకు తెలిసినది.

కావున పగిలిన చానెలుమీద కొత్త లోహము పోసి కప్పుట మరమ్మతు కాదు. పగులు చివర రంధ్రము వేసి దాని పాకుడు ఆపవలెను. పగులును గ్రైండరుతో అడుగువరకు తొలిచి, శుభ్రపరచి, నింపవలెను. పైన బలపు పలక వేసినచో దాని చివరలను క్రమముగా సన్నగించవలెను. చానెలు రెక్కకు అడ్డముగా అతుకు గీయరాదు.

కడ్డీని గూర్చియు ఒక మాట. ఇ 6013 అను కడ్డీలో 60 అను అంకె చదరపు అంగుళమునకు 60 వేల పౌనుల తన్యతా బలమును తెలుపును. అది సుమారు 414 న్యూటన్లు చదరపు మిల్లీమీటరుకు. ఐ.ఎస్. 2062 ప్రమాణపు సాధారణ ఉక్కు బలము 410. అనగా మంచి అతుకు పలకకు తీసిపోదు. ఇ 7018 వంటి కడ్డీలు ముఖ్య భాగములకు మేలు; కాని అవి తేమ పీల్చును. తేమలోని ఉదజని అతుకులో చేరి పిదప పగుళ్లు కల్పించును. డెల్టా గాలిలో తెరిచి ఉంచిన కడ్డీలను 300 నుండి 350 డిగ్రీలవద్ద కాల్చి ఆరబెట్టనిదే వాడరాదు.

అతుకరానివి, మరువరానివి

ఎంత మంచి యంత్రమున్నను కొన్నింటిని అతుకరాదు. కమాను పట్టీలు కార్బను ఎక్కువగల, గట్టిపరచిన ఉక్కుతో చేసినవి. అతుకు ప్రక్కన అవి పెళుసై, కొద్ది దూరములోనే విరుగును. విరిగిన ఇరుసును, కొక్కెపు పిన్నును మార్చుటయే మార్గము. టైరు ఉన్న చక్రముపై వెల్డింగు చేయుట ప్రాణాంతకము. లోపలి రబ్బరు వేడికి విడుచు వాయువులు మండి టైరు పేలవచ్చును. జింకు పూత గల రేకు పొగ జ్వరము తెప్పించును.

ఎర్తు బిగింపును అతుకునకు దగ్గరగా, రంగు గీకిన చోట బిగింపవలెను. దూరముగా బిగించినచో ప్రవాహము చక్రపు బేరింగుల గుండ పోయి వానిని పాడుచేయును. ట్రాక్టరును విడదీయనిచో దాని బ్యాటరీ తీగ తప్పక తీయవలెను. వానకాలమున, చెమటతో తడిసిన ఒంటికి 70 ఓల్టులు కూడ చాలును. పొడి చేతితొడుగులు, పొడి నేల అవసరము. అతినీలలోహిత కిరణములనుండి కన్నులను కాపాడుటకు 10 లేక 11 సంఖ్యగల నల్లని అద్దము వాడవలెను. చూడవచ్చిన పిల్లలకును ఈ హెచ్చరిక వర్తించును.

ఎన్నుకొను క్రమము

యంత్రము కొనువాడు ముందుగా తాను అతుకబోవు అన్నింటికంటె దళసరి పలకను కొలువవలెను. దానినుండి కడ్డీ, కడ్డీనుండి ఆంపియర్లు తేలును. ఆ ఆంపియర్లవద్ద పని వాటా యెంతయో 40 డిగ్రీలకు చూడవలెను. తరువాత సరఫరా ఎన్ని ఫేజులు, తీగ యెంత పొడవు అని లెక్కింపవలెను. ధర చివరి ప్రశ్న.

ఈ క్రమములో చూచినచో, ఊరూర తిరిగి మరమ్మతు చేయువానికి 130 ఆంపియర్లవద్ద 60 శాతము వాటా గల సింగిల్ ఫేజు ఇన్వర్టరు తగినది. త్రీఫేజు గల మరమ్మతు షెడ్డుకు గట్టి ట్రాన్స్‌ఫార్మరు నేటికిని మంచి తోడు. ఏకముఖ విద్యుత్తు కావలసినచో త్రీఫేజు రెక్టిఫయరు తీసికొనవచ్చును. కొత్త తొట్లు కట్టు షెడ్డుకు మిగ్ యంత్రము, దానితోపాటు బయటి పనికి ఒక కడ్డీ యంత్రము ఉండవలెను.

ఓం నియమము, జౌల్ నియమము, ఫారడే నియమము పరీక్షలో వ్రాసి మరచిపోవలసినవి కావు. ఉపాధ్యాయులు దగ్గరలోని ఏ షెడ్డులోనైనను ఒక యంత్రపు పేరు పలకను వ్రాసికొని వచ్చి, 130 ఆంపియర్లకు దాని పని వాటా యెంతయో విద్యార్థులచేత లెక్క కట్టింపవచ్చును. ఆ విద్యార్థులలో కొందరు రేపు ఐ.టి.ఐ.లో వెల్డరు శిక్షణకు పోవుదురు. కొందరు ట్రక్కులు కొందురు. పెక్కుమంది ఆ ట్రక్కుల ప్రక్కన రోడ్డుమీద నడతురు. ఆ లెక్క అందరికిని అవసరమే.